కూలి, భూమి, ఇల్లు: ఓటుకు పెట్టిన హక్కులు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరును ఎక్కువ మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



పొద్దుటి నుంచి కూచుని వింటున్నారు. నేను కూడా ఉపన్యాసం మొదలుపెడితే నిద్రొస్తుంది. అందుకని ముందు ఒక లెక్క వేద్దాం. నూరిళ్ల ఊరు ఒకటి ఉందనుకోండి. ఎనభై ఇళ్లు ఊళ్లో, ఇరవై ఇళ్లు పల్లెలో. మంచినీళ్ల బావి ఊళ్లో ఉంది. పల్లెవాళ్లు వచ్చి ఆ బావిలో నీళ్లు తోడుకోవచ్చా, కూడదా అని ఓటు పెట్టారు. ఇంటికో ఓటు. డబ్బు పంచలేదు, సారా పొయ్యలేదు, రిగ్గింగు అసలే లేదు. పెట్టె విప్పారు. కూడదన్నవి ఎనభై, తోడుకోవచ్చు అన్నవి ఇరవై. ఇప్పుడు చెప్పండి, ఇది ప్రజాస్వామ్యమేనా?

(కాదు, కాదు అని కేకలు. "ఓటు సక్రమంగానే పడింది గదా సార్" అని వెనక నుంచి ఒకరు.)

ఆ తమ్ముడి మాట కొట్టిపారెయ్యొద్దు. రేపు మీ ఊళ్లో పెద్దమనుషులు మీతో అనబోయే మాట అదే. "మేము బలవంతం చేశామా? అందరం కూచుని తీర్మానం చేసుకున్నాం. ఎక్కువమంది మాటే చెల్లుతుంది, అదే గదా మీ అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం" అంటారు. దానికి మన దగ్గర జవాబుండాలి.

ఆ జవాబు వెతకడానికి మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతాను. అమెరికా పడమటి ఒడ్డున కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. మన తెలుగు పిల్లలు కంప్యూటర్ ఉద్యోగాలకు పొయ్యేది ఎక్కువగా అక్కడికే. అంత దూరం ఎందుకంటే, నేను చెప్పిన బావి ఓటులాంటి ఓటు అక్కడ నిజంగానే పెట్టారు. ఒకసారి కాదు, చాలాసార్లు. కూలి మీద పెట్టారు, భూమి మీద పెట్టారు, ఇంటి మీద పెట్టారు. ఆ లెక్కలన్నీ రాతపూర్వకంగా ఉన్నాయి.

పనిముట్టు ఎలా వచ్చింది

మనకు ఓటంటే మనిషిని ఎన్నుకోవడం. ఎమ్మెల్యేనో, ఎంపీనో, సర్పంచినో ఎన్నుకుంటాం. చట్టం వాళ్లు చేస్తారు. కాలిఫోర్నియాలో మనుషులతోపాటు చట్టాల మీద కూడా ఓటేస్తారు. కావలసినన్ని సంతకాలు పోగుచేసి ఇస్తే, ఫలానా చట్టం చెయ్యాలా వద్దా అని బ్యాలెట్ కాగితం మీద నెంబరు వేసి అచ్చు వేస్తారు. శాసనసభ కూడా ఒక్కోసారి తనే కొన్ని ప్రశ్నలు జనం ముందు పెడుతుంది. ఎదురుగా అవును, కాదు అని రెండు గళ్లుంటాయి. రాష్ట్రమంతా ఓటేస్తుంది. ఎక్కువమంది అవునంటే చట్టమైపోతుంది.

ఈ పద్ధతి 1911లో వచ్చింది. అప్పుడు ఆ రాష్ట్ర రాజకీయాన్ని సదరన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ గుప్పిట్లో పెట్టుకుంది. కంపెనీ పట్టు విడిపించాలని హైరమ్ జాన్సన్ అనే గవర్నరు కాలంలో ఈ హక్కు జనానికి ఇచ్చారు. అంటే పుట్టిన రోజున ఇది డబ్బున్నవాడి మీద జనం ఎత్తిన ఆయుధం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కొడవలి మంచిదా చెడ్డదా అనడగం. ఎవరి చేతిలో ఉంది, ఎవరి మెడ మీద ఉంది అనడుగుతాం.

కూలి

1946 నవంబరు 5. యుద్ధం అయిపోయి ఏడాది దాటింది. యుద్ధకాలంలో కాలిఫోర్నియా ఓడల కార్ఖానాల్లో, విమానాల కార్ఖానాల్లో మనుషులు చాలలేదు. దక్షిణాది రాష్ట్రాల పత్తి చేలల్లో బతికిన నల్లజాతి వాళ్లు వేలమంది పిల్లాజెల్లాతో వలస వచ్చారు. అప్పుడు కూడా ఊరికే పనివ్వలేదు. రైలు పెట్టెల్లో పనిచేసే నల్లవాళ్ల యూనియన్ నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ "లక్షమందితో రాజధానికి నడిచొస్తాం" అని హెచ్చరిస్తే, 1941 జూన్‌లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ ఆర్డరు ఇచ్చాడు. యుద్ధ సామగ్రి పరిశ్రమల్లో రంగు చూసి పని నిరాకరించకూడదన్నాడు. దాని మీద ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ వేశాడు.

యుద్ధం అయింది. కార్ఖానాలు మూతపడ్డాయి. ఆఖర్న పనిలో చేరినవాళ్లను ముందు తీసేశారు. 1946లో ఆ కమిటీ కూడా అయిపోయింది. పాలేరు అవసరం తీరాక దొర చేసే పని మీకు నేను చెప్పాలా?

అప్పుడు లాస్ ఏంజెలెస్ నుంచి గెలిచిన నల్లజాతి శాసనసభ్యుడు ఆగస్టస్ హాకిన్స్, ఆయనతోపాటు నల్లవాళ్ల సంఘాలు, కొన్ని కార్మిక సంఘాలు, యూదుల సంఘాలు, చర్చిల వాళ్లు కలిశారు. రంగు, మతం, పుట్టిన దేశం చూసి పని నిరాకరించకూడదు, నిరాకరిస్తే విచారించడానికి రాష్ట్రంలో కమిషన్ ఉండాలి అని శాసనసభలో బిల్లు పెడితే సాగలేదు. సరే, జనం దగ్గరికే పోదామనుకున్నారు. సంతకాలు పోగుచేశారు. అది 11వ నెంబరు ప్రశ్నయింది.

ఎదురు నిలిచింది యజమానుల సంఘాలు, వ్యాపారుల సంఘాలు, పెద్ద రైతుల సంఘాలు. "మంచితనం చట్టంతో రాదు, మనసులు మారాలి" అన్నారు. "నా షాపులో ఎవర్ని పెట్టుకోవాలో నా ఇష్టం" అన్నారు. "ఇది కమ్యూనిస్టుల పని" అన్నారు. ఈ మూడు మాటలూ ఎక్కడో విన్నట్టుంది గదా! రిజర్వేషన్ల మాటెత్తితే మనకు వినబడేవి ఇవే.

పెట్టె విప్పారు. పదిమందిలో ఏడుగురు వద్దన్నారు.

ఇంకో లెక్క కూడా చెబుతాను. 1950 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో నల్లజాతి వాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. మన బావి ఊళ్లో పల్లెవాళ్లు ఇరవైమందయినా ఉన్నారు. అక్కడ ఐదుగురి కూలిని తొంభై అయిదుగురి ఓటుకు పెట్టారు. పెట్టినవాళ్లు మనవాళ్లలాంటివాళ్లే, మంచి ఉద్దేశంతోనే పెట్టారు. ఓడిపోయాక ఏమైంది? "ప్రజలే వద్దన్నారు" అనే మాట యజమాని చేతికి దొరికింది. ఆ చట్టం రావడానికి ఇంకా 13 ఏళ్లు పట్టింది. 1959లో శాసనసభలో చట్టం చేశారు, జనం ఓటుతో కాదు. ఆ 13 ఏళ్లలో ఎంతమంది గేటు దగ్గర నుంచే వెనక్కి పోయారో ఎవరు లెక్క రాశారు?

భూమి

అదే రోజు, అదే కాగితం మీద 15వ నెంబరు ప్రశ్న ఇంకొకటుంది. ఇది భూమి సంగతి. ఇది శాసనసభ తనే జనం ముందు పెట్టిన ప్రశ్న.

కాలిఫోర్నియాలో 1913లో ఒక భూచట్టం చేశారు. "పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు" వ్యవసాయ భూమి కొనకూడదు అని అందులో ఉంది. జపానువాళ్లు అనే మాట అందులో ఎక్కడా లేదు. కానీ ఆసియావాళ్లకు పౌరసత్వం ఇవ్వకూడదని దేశంలో ఇంకో చట్టం ముందే ఉంది. రెండూ కలిపి చదివితే ఎవరి సంగతో పసిపిల్లాడికి కూడా అర్థమవుతుంది. 1920లో దీన్ని ఇంకా బిగించి, కౌలుకు కూడా తీసుకోకూడదని జనం ఓటుకు పెట్టారు. నలుగురిలో ముగ్గురు అవునన్నారు.

ఇలాంటి చట్టం మన దేశంలో లేదనుకుంటున్నారా? 1900లో పంజాబులో తెల్లదొరలు భూమి బదలాయింపు చట్టం చేశారు. వ్యవసాయ కులాలని ఒక జాబితా రాసి, ఆ కులాల భూమి ఆ జాబితాలో లేనివాడు కొనకూడదన్నారు. షావుకార్ల నుంచి రైతును కాపాడటానికి అన్నారు. అంటరానివాడు కొనకూడదని ఎక్కడా రాయలేదు. జాబితాలో అంటరాని కులాలను చేర్చలేదు, అంతే. చేనంతా చాకిరీ చేసేది వాళ్లు, వ్యవసాయ కులం కానిది కూడా వాళ్లే!

ఆ పంజాబు నుంచే 1909లో మంగూరామ్ అనే చమార్ యువకుడు కాలిఫోర్నియాకు పోయి పండ్ల తోటల్లో కూలి చేశాడు. అక్కడే గదర్ పార్టీలో చేరాడు. 1925లో తిరిగొచ్చి, మరుసటేడు ఆది ధర్మ ఉద్యమం మొదలుపెట్టాడు. మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువు అన్న కాలమే అది. కాలిఫోర్నియా మట్టికీ మన ఉద్యమానికీ పాత చుట్టరికం ఉంది.

ఇంకో ముచ్చట కూడా ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మనిషి అమెరికా సుప్రీంకోర్టుకు పోయాడు. తెల్లవాళ్లకు పౌరసత్వం ఉంది గదా, నేను అగ్రకులం ఆర్యుణ్ణి, కాబట్టి నేనూ తెల్లవాణ్ణే, నాకూ ఇవ్వండి అన్నాడు. మీరు నల్లవాళ్లను ఎట్లా చూస్తారో మేము మా దేశపు కిందివాళ్లను అట్లాగే చూస్తాం అని ఆయన తరఫున వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. దాంతో అక్కడి మన దేశపు రైతులంతా అదే భూచట్టం కిందికి వచ్చారు. కులం చూపించి గేటు లోపలికి పోదామనుకుంటే, గేటు మొత్తానికే పడిపోయింది. ఎక్కిన నిచ్చెనను కింద ఉన్నవాడి మీద తంతే, అది మన కాళ్ల కింద నుంచి కూడా పోతుంది.

మళ్లీ 1946కు వద్దాం. చట్టం తప్పించుకోవడానికి జపాను రైతులు అక్కడే పుట్టిన పిల్లల పేరు మీద భూమి కొనేవాళ్లు. అక్కడ పుడితే పౌరులే గదా. 1942లో యుద్ధం పేరు చెప్పి, పడమటి ఒడ్డున ఉన్న జపాను సంతతి వాళ్లను దాదాపు లక్షా ఇరవై వేలమందిని ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలారు. వాళ్లలో మూడింట రెండు వంతులు ఆ దేశ పౌరులే. అట్లా కంచెల్లో ఉండగానే, వాళ్ల భూముల మీద సర్కారు దావాలు వేసింది. శాండియాగో జిల్లాలో ఒయామా అనే రైతు కొడుకు ఫ్రెడ్ పేరు మీద కొంత భూమి కొన్నాడు. 1944లో, ఆ కుటుంబం ఊళ్లో లేని కాలంలో, ఆ భూమి సర్కారుదే అని దావా పడింది. పొలానికి రానివ్వకుండా తరిమింది వాళ్లే, పొలం మీద కేసు పెట్టిందీ వాళ్లే.

15వ నెంబరు ప్రశ్న ఏమిటంటే, ఈ భూచట్టానికి చేసిన బిగింపులన్నింటికీ జనం ముద్ర వేయించాలి అని. ఫలితం చూడండి. పదిమందిలో దాదాపు ఆరుగురు వద్దన్నారు. అవును, వద్దన్నారు! అదే రోజు, అదే జనం. నల్లవాడికి కూలి విషయంలో అన్యాయం చేసిన చెయ్యే, జపానువాడి భూమి విషయంలో న్యాయం చేసింది.

ఎందుకు? జపాను సంతతి వాళ్లు సంఘం పెట్టి ఊరూరా తిరిగారు. వాళ్ల పిల్లలు అమెరికా సైన్యంలో చేరి ఇటలీలో, ఫ్రాన్సులో చచ్చారు. కొడుకు యుద్ధంలో చచ్చాడు, తండ్రి పొలం లాక్కుంటారా అని అడిగారు. జనం మనసు కరిగింది. సంతోషమే. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నాలుగెకరాలు దున్నుకోవడానికి ఒక మనిషి కొడుకు శవాన్ని చూపించాలా? పక్కనున్న తెల్ల రైతును ఎవరైనా అడిగారా, నీ భూమి నీకుండటానికి ఏం త్యాగం చేశావని? హక్కును ఓటుకు పెడితే గెలిచినా ఈ అవమానం తప్పదు. ఎదుటివాడి దయకు మనం అర్హులమని నిరూపించుకోవాలి.

ఆ దావాలో 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఒయామా వైపు తీర్పు చెప్పింది. 1952లో కాలిఫోర్నియా హైకోర్టే, దాన్ని అక్కడ రాష్ట్ర సుప్రీంకోర్టు అంటారు, భూచట్టం చెల్లదంది. ఆ తర్వాత 1956 నవంబరులో జనం ఓటు వేసి ఆ చట్టాన్ని పుస్తకంలోంచే తీసేశారు. అదే రోజు అదే రాష్ట్రం నుంచి దలీప్ సింగ్ సౌండ్ అనే పంజాబీ రైతు పార్లమెంటుకు గెలిచాడు. జనం మారరని కాదు నేననేది. కోర్టులో చట్టం చచ్చాక జనం పాడె మోశారు. వరస గమనించండి.

ఇల్లు

ఇప్పుడు మూడోది. పట్నంలో ఇల్లు అద్దెకు వెతికిన పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ముందు ఊరు అడుగుతారు. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. అప్పటికీ తేలకపోతే "ఏమిట్లు మీరు?" అంటారు. తేలాక, "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఇవ్వడం లేదు" అంటారు. ఈ మధ్య ఇంత కష్టం కూడా లేదు. గేటుకు "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు. కులం అనే మాటే లేదు చూశారా! పంజాబు జాబితా గుర్తు తెచ్చుకోండి.

కాలిఫోర్నియాలో నల్లవాళ్లకు ఇదే బాధ. బర్క్‌లీ పట్నంలో మందుల షాపు నడిపిన బైరన్ రమ్‌ఫోర్డ్ అనే నల్లజాతి మనిషి 1948లో శాసనసభకు గెలిచాడు. ఆయన ఏళ్ల తరబడి పాటుపడితే 1963లో ఒక చట్టం వచ్చింది. రంగు చూసి ఇల్లు అద్దెకివ్వను, అమ్మను అనకూడదు అని. వెంటనే ఇళ్ల బ్రోకర్ల సంఘం లేచింది. లక్షల సంతకాలు పోగుచేసి, 1964 నవంబరు ఎన్నికల్లో 14వ నెంబరు ప్రశ్న పెట్టించింది. రైల్వే కంపెనీ మీదికి జనం చేసుకున్న ఆయుధం చూడండి, యాభై ఏళ్లలో ఎవరి చేతికి వచ్చిందో!

ఆ ప్రశ్న రాసిన తీరు కార్యకర్తలందరూ నేర్చుకోవాల్సింది. నల్లవాడికి ఇల్లివ్వొద్దు అని రాయలేదు. తన ఆస్తిని తన ఇష్టం వచ్చినవారికి అమ్ముకునే, అద్దెకిచ్చుకునే, ఇవ్వననే హక్కును సర్కారు కాదనకూడదు అని రాశారు. ఎంత ముద్దుగా ఉంది! ఎవరి ఆస్తి వారిష్టం, ఎవరు కాదంటారు? పైగా అవును అంటే వివక్షకు అవును అన్నట్టు. వివక్ష వద్దనేవాడు "కాదు" గడిలో గుర్తు పెట్టాలి. గవర్నరు వద్దన్నాడు. మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి వద్దని చెప్పాడు.

నూటికి 65 మంది అవునన్నారు. 45 లక్షల ఓట్లు అటు, 24 లక్షలు ఇటు. అసలు విచిత్రం ఇంకా ఉంది. అదే రోజు అదే ఓటర్లు ప్రెసిడెంటుగా లిండన్ జాన్సన్‌ను నూటికి దాదాపు 60 ఓట్లతో గెలిపించారు. నాలుగు నెలల కిందటే నల్లవాళ్ల పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టినవాడు ఆయన. అంటే ఢిల్లీలో సమానత్వం కావాలి, నా వీధిలో వద్దు. మన ఊళ్లో కూడా ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేసే చెయ్యి, ఇంటి అరుగు మీద మనల్ని కూచోనివ్వదు. ఇదేం కొత్త కాదు.

ఏడాది తిరక్కుండా, 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ అనే నల్లవాళ్ల పేట తగలబడింది. 34 మంది చచ్చిపోయారు. ఇల్లొక్కటే కారణమని చెప్పను. పోలీసుల దౌర్జన్యం ఉంది, పని లేకపోవడం ఉంది. కానీ రాష్ట్రమంతా కూడి "మా పక్కన ఉండొద్దు" అని ఓటేసి చెప్పాక, ఆ పేటలో కుర్రాడికి ఎట్లా ఉంటుందో ఈ గదిలో ఉన్నవాళ్లకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

లింకన్ మల్కీ, డొరొతీ మల్కీ అనే నల్లజాతి దంపతులు. 1963లో శాంటా ఆనా అనే ఊళ్లో వాళ్లకు ఇల్లు అద్దెకివ్వనన్నారు. వాళ్లు కోర్టుకు పోయారు. 14వ నెంబరు గెలిచింది గదా, మీ కేసు చెల్లదన్నారు. వాళ్లు వదల్లేదు. 1966లో రాష్ట్ర సుప్రీంకోర్టు, 1967లో దేశ సుప్రీంకోర్టు, ఆ ఓటు రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టేశాయి. ఢిల్లీలాంటి వాషింగ్టన్‌లో ఐదుగురు జడ్జీలు ఇటు, నలుగురు అటు. 45 లక్షల ఓట్లకు ఎదురు ఒక జంట నిలబడింది. నిలబడటానికి వాళ్లకు చోటిచ్చింది రాజ్యాంగం. అయితే ఒక్క ఓటు తేడా అని కూడా మరవొద్దు. కోర్టు ఎప్పుడూ ఇటే ఉంటుందని ఎవడూ రాసివ్వలేదు. 2005లో మన సుప్రీంకోర్టు, ఒక మతంవాళ్లకే సభ్యత్వం అన్న ఇళ్ల సొసైటీ నిబంధనను సరే అంది.

మన సంగతి

ఇప్పుడు మన ఇంటికొద్దాం. బాబాసాహెబ్ 1932లో ఎందుకంత పట్టుబట్టాడో ఈ లెక్కతో చూడండి. మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవాలి అన్నాడు. గాంధీ నిరాహారదీక్షతో పూనా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. సీట్లు 71 నుంచి 148 అయ్యాయి. కానీ రెండు మెట్లు పెట్టారు. మొదటి మెట్టులో మనవాళ్లే ఓటేసి నలుగుర్ని ఎంచాలి. రెండో మెట్టులో ఊరంతా ఓటేసి ఆ నలుగుర్లో ఒకణ్ణి తేల్చాలి. నలుగుర్లో ఊరికి నచ్చేది ఎవరు? తలెత్తేవాడా, తల వంచేవాడా? కాలిఫోర్నియాలో 11వ నెంబరు ఓడిన 1946లోనే ఇక్కడ కూడా ఎన్నికలు జరిగాయి. మొదటి మెట్టులో మనవాళ్ల ఓట్లు తెచ్చుకున్న షెడ్యూల్డు కులాల ఫెడరేషన్, రెండో మెట్టులో మట్టి కరిచింది. బాబాసాహెబ్ రాజ్యాంగ సభకు పోవడానికి సొంత బొంబాయిలో దారి లేక, జోగేంద్రనాథ్ మండల్ అండతో బెంగాల్ నుంచి గెలవాల్సి వచ్చింది.

అదే ఏడాది ఆయన అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. మీవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ కాపీ పంపండి అని. మన బాధా వాళ్ల బాధా ఒకే పుస్తకంలో పేజీలని ఆయనకు తెలుసు.

అందుకే రాజ్యాంగంలో హక్కుల్ని ఓటుకు అందనంత ఎత్తులో పెట్టించాడు. మన దేశంలో మెజారిటీ అంటే అభిప్రాయంతో ఏర్పడ్డది కాదు, పుట్టుకతో వచ్చింది అని ఆయన హెచ్చరించాడు. పార్టీ మెజారిటీ ఐదేళ్లకు మారుతుంది. కులం మెజారిటీ ఎప్పటికి మారుతుంది? 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మెజారిటీకి ఇష్టమైతే రద్దు అనలేదు. 32వ అధికరణం సరాసరి సుప్రీంకోర్టు తలుపు తట్టే హక్కు ఇచ్చింది.

అయినా ఓటుకు పెట్టే ప్రయత్నం ఆగలేదు. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామని సర్కారు ప్రకటించి, అభ్యంతరాలుంటే నెల రోజుల్లో చెప్పండి అంది. 24వ తేదీన అమలాపురంలో ఒక మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. ఆయన పేరు మీద కూడా జనాభిప్రాయం కావాల్సి వచ్చింది. చివరికి పేరు నిలబడింది. ఎందుకు నిలబడిందంటే మనం పల్లె పల్లెనా నిలబడ్డాం గనుక.

ఇక ఆ కాలిఫోర్నియాలోనే 2023లో కులవివక్ష కూడదని శాసనసభ బిల్లు పాస్ చేసింది. అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టలేదు, ఉన్న చట్టాలు చాలునన్నాడు. అంతకుముందు ఫిబ్రవరిలో సియాటిల్ నగరంలో మాత్రం నగరపాలక మండలి చట్టం చేసింది. కాలిఫోర్నియా బిల్లుకు అడ్డుపడినవాళ్లలో మన దేశం నుంచి పోయినవాళ్లే ముందున్నారు. థిండ్ వాదించి నూరేళ్లు నిండాయి. గేటు దగ్గర కులం చూపించే అలవాటు మాత్రం పోలేదు.

మనమేం చెయ్యాలి

ఓటు దండగ అని నేను చెప్పినట్టు మీ ఊరెళ్లి చెప్పకండి. వయోజనులందరికీ ఓటు కావాలని పోట్లాడినవాడు బాబాసాహెబే. ఓటుతో మనిషిని ఎన్నుకోవచ్చు, దించొచ్చు, బడ్జెట్టులో ఎక్కువ తక్కువలు తేల్చొచ్చు. రోడ్డు ముందా, బడి ముందా అంటే ఓటేద్దాం. మేము మనుషులమా కాదా అంటే మాత్రం ఓటెయ్యం.

మూడు పనులు చెబుతాను. ఒకటి. గ్రామసభలో గానీ, సంఘంలో గానీ, ఏ తీర్మానం చదివినా అందులో లేని మాట వెతకండి. శ్మశానం "సుందరీకరణ" అంటారు, చెరువు "పరిరక్షణ" అంటారు, పోరంబోకు "క్రమబద్ధీకరణ" అంటారు. మాల, మాదిగ అని ఎక్కడా ఉండదు. ఎవరి గుడిసె పోతుందో చూడండి, ఎవరి పేరు దాచారో తెలుస్తుంది.

రెండు. ఎవరైనా "అందరం కూచుని ఓటేసుకుందాం" అంటే, ముందు ఇది ఓటుకు పెట్టే విషయమేనా అని అడగండి. కాకపోతే తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వెయ్యకండి. పదకొండో నెంబరు వాళ్లు మంచి మనసుతోనే మెజారిటీ దగ్గరికి పోయి 13 ఏళ్లు పోగొట్టుకున్నారు.

మూడు. గెలిచాక ఇంటికి పోవద్దు, ఓడాక కూడా ఇంటికి పోవద్దు. రమ్‌ఫోర్డ్ చట్టం గెలిచిన ఏడాదికే దాన్ని కూల్చారు. కూల్చిన మూడేళ్లకు ఒక జంట మళ్లీ నిలబెట్టింది. ఆ జంట వెనక సంఘాలున్నాయి, లాయర్లున్నారు, చందాలిచ్చిన పేదలున్నారు.

మొదట్లో బావి కథ చెప్పాను. అది కల్పితం కాదు, కొంచెం పేరు మార్చానంతే. మహద్ పట్నంలో చౌదార్ చెరువును అందరికీ తెరవాలని పురపాలక సంఘం 1924లో తీర్మానించింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో పోయి ఆ నీళ్లు తాగాడు. ఆగస్టులో అదే పురపాలక సంఘం, అదే రకం ఓటుతో, తీర్మానాన్ని రద్దు చేసుకుంది. ఓటుతో ఇచ్చారు, ఓటుతో లాక్కున్నారు. అగ్రకులాలవాళ్లు కోర్టుకెక్కారు. బాబాసాహెబ్ పదేళ్లు కోర్టులో నిలబడ్డాడు. 1937లో బొంబాయి హైకోర్టులో మనవాళ్లు గెలిచారు.

తమ్ముడూ, ఇందాక వెనక నుంచి అడిగావే, ఓటు సక్రమంగానే పడింది గదా అని. ఓటు సక్రమంగానే పడింది. అడిగిన ప్రశ్నే అక్రమం. నీళ్లు తాగే హక్కు నోరున్న ప్రతివాడిదీ. దాన్ని లెక్కబెట్టడానికి పెట్టె తెచ్చినవాడి చేతిలోంచి ముందు ఆ పెట్టెను కింద పెట్టించు. తర్వాత బిందె తీసుకుని బావి దగ్గరికి నడువు. ఒక్కడివే పోకు, పల్లెంతా తీసుకుని పో.

జై భీమ్.